ప్రాజెక్టు డైరీ: ఒక కథ, ఆరు దశలు, అరువు తెచ్చుకున్న పద్ధతులు

తయారవుతున్నది: సుమారు 1,600 మాటల కథ. ప్రస్తుతానికి పేరు ‘తరుగు’. గోదావరి జిల్లాలో ఒక రైసు మిల్లు, అక్కడ కాటా గుమాస్తా కామేశ్వర్రావు. తేమ ఉన్నా లేకపోయినా బస్తాకు రెండు కిలోలు తరుగు, అంటే తూకంలో కోత, రాయమని యజమాని మాట. ఆ రోజు బండి మీద వచ్చింది చిన్ననాటి స్నేహితుడు సత్తిరాజు ధాన్యం. కథ ఇంతే.

పద్ధతులు మాత్రం కొత్తవి కావు. పేరున్న రచయితలు తమ పని గురించి స్వయంగా చెప్పుకున్నవి, వాళ్ళ ఉత్తరాల్లోనో ఇంటర్వ్యూల్లోనో దొరికేవి. ఒక్కో దశకు ఒక్కొక్కరిది. ఏది ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ చెడింది, ఏం మార్చాల్సొచ్చింది అన్నవే కింద ఉన్నాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవడం, నిలబడి రాయడం, హోటలు గది అద్దెకు తీసుకోవడం లాంటివి లేవు. అవి ఆ మనుషుల ఒంటి తీరు. వాటిని కాపీ కొడితే నిద్ర చెడుతుంది తప్ప కథ కదలదు.

సరంజామా

- గీతలున్న 3×5 అంగుళాల కార్డులు, వందది ఒక కట్ట
- హెచ్‌బీ పెన్సిళ్ళు, రబ్బరు
- 200 పేజీల పొడుగు నోటుబుక్కు. కుడి పేజీలోనే రాత, ఎడమ పేజీ దిద్దుబాట్లకు
- ముల్లున్న చేతి గడియారం. ఫోను టైమరు వద్దు, ఫోను చేతికొస్తే టైమరుతో ఆగదు
- వాయిస్ రికార్డరు, తెలుగు వాయిస్ టైపింగు ఉన్న కీబోర్డు
- ఏ4 ప్రింట్లు, ఎర్ర పెన్ను

ఒక్కో చిత్తు ప్రతికీ వేరే ఫైలు: తరుగు_01, తరుగు_02. పాత ఫైలు మీదే సేవ్ చేస్తే ఆరో దశలో చేతికి ఏమీ మిగలదు.

దశ 1: కార్డులు (నబొకోవ్)

వ్లదీమిర్ నబొకోవ్ గీతల కార్డుల మీద పెన్సిలుతో రాసేవాడు, అదీ వరసలో కాదు. గళ్ళనుడికట్టులో ఏ గడి తెలిస్తే ఆ గడి నింపినట్టు నవలలో ఎక్కడ తోస్తే అక్కడ రాసి, కార్డులు తర్వాత పేర్చుకునేవాడు. సీతాకోకచిలుకల వేటలో అమెరికా అంతా తిరుగుతూ లొలీటా నవలలో చాలా భాగం అలాగే రాశాడు.

చేసిన పని:

1. కార్డుకు ఒక్క సంగతి. రెండో సంగతి తోస్తే రెండో కార్డు.
2. పై కుడి మూలన చోటు పేరు: కాటా, గుమ్మం, టీ బడ్డీ, ఇల్లు.
3. ఖాళీ కార్డులు మధ్యలో దోపి పెట్టడం. ఇంకా తెలియని సీను అక్కడుందని గుర్తు.
4. అన్నీ నేల మీద పరిచి వరస మార్చడం.

ఫలితం: 41 కార్డులు. వాటిలో సీనుగా నిలబడేవి 14. మిగతా 27 అభిప్రాయాలు. ‘దళారీ వ్యవస్థ’, ‘స్నేహమా ఉద్యోగమా’ లాంటివి. వాటిని ఎలా పేర్చినా వ్యాసమే అయింది.

చెడిన చోటు కార్డులో లేదు. పుస్తకం రూపం మొత్తం మనసులో సిద్ధమయ్యాకే తాను కార్డుల దగ్గర కూర్చునేవాణ్ణని నబొకోవ్ చెప్పాడు. అంటే ఆయనకు కార్డు కథను వెతుక్కునే చోటు కాదు, దొరికినదాన్ని దించుకునే చోటు. ఈ తేడా వదిలేసి కార్డులు కొంటే కట్ట తరిగిపోతుంది, కథ పెరగదు.

మార్పు: కార్డు కట్టలో ఉండాలంటే మూడు ఉండాలి. ఎవరు, ఎక్కడ, చేతిలో ఏ వస్తువు. వస్తువు లేని కార్డు బయటికి. ‘స్నేహమా ఉద్యోగమా’ పోయి ‘తేమ మీటరు, కామేశ్వర్రావు చేతిలో, 16 చూపిస్తోంది’ వచ్చింది. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యానికి 17 శాతం తేమ దాకా ఒప్పుకుంటారు. 16 ఉంటే తరుగుకు దారే లేదు. కథ ముడి ఆ ఒక్క అంకెలో పడింది. అభిప్రాయాల కార్డులు 27లో ఒక్కటీ అంత పని చెయ్యలేదు.

ఇప్పటిదాకా: కార్డులు 41 నుంచి 17 (పాతవి 14, కొత్తవి 3). రాసిన మాటలు 0.

దశ 2: గడియారం (ట్రాలప్)

ఎక్కువమంది కాపీ కొట్టేదీ, ఎక్కువమందికి వికటించేదీ ఇదే. అందుకని వివరంగా.

ఆంథొనీ ట్రాలప్ ఇంగ్లండులో పోస్టల్ శాఖ ఉద్యోగి. పొద్దున్న 5.30కి బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల లెక్కన రాసి, తర్వాత ఆఫీసుకు వెళ్ళేవాడు. నవలలే 47. తనను వేళకు లేపి కాఫీ ఇచ్చే పనివాడికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాణ్ణని ఆత్మకథలో రాసుకున్నాడు. ఈ పద్ధతిని మెచ్చుకునేవాళ్ళు ఆ 5 పౌండ్ల సంగతి ఎత్తరు.

ముందు కోటా సరిచూసుకోవాలి. 250 ఇంగ్లీషు మాటల లెక్క. ఇంగ్లీషులో మూడు నాలుగు మాటలయ్యేది తెలుగులో ప్రత్యయాలన్నీ అంటుకుని ఒక్క మాటే అవుతుంది. కాబట్టి 250 యథాతథంగా పెట్టుకుంటే చెయ్యి నొప్పి తప్ప ఏమీ రాదు. 160తో మొదలు.

పావుగంటల వారీగా, చేత్తో రాసినప్పుడు:

- మొదటిది: 148
- రెండోది: 131
- మూడోది: 96
- నాలుగోది: 52

నాలుగో పావుగంటలో రాసినవి చదివితే పడిపోయింది వేగం ఒక్కటే కాదని తెలుస్తుంది. కామేశ్వర్రావు కిటికీలోంచి చూస్తున్నాడు. నిట్టూరుస్తున్నాడు. మబ్బు పడుతోంది. మళ్ళీ కిటికీలోంచి చూస్తున్నాడు.

చెడడానికి రెండు కారణాలు.

ఒకటి, ట్రాలప్ మూడు గంటల్లో మొదటి అరగంట రాతకు కాదు. నిన్న రాసింది చదువుకోవడానికి. మాటల చప్పుడును చెవితో తూచుకోవడానికని ఆయనే అన్నాడు. ఆ అరగంట వదిలేసి కోటా ఒక్కటే తీసుకుంటే రోజూ చల్లబడిన ఇంజనుతో మొదలుపెట్టడమే.

రెండు, కోటా మాటల్లో ఉంటే చెయ్యి మాటలే తయారుచేస్తుంది. సీను తయారుచెయ్యదు. నవలకు ఆ పొట్టు కొంత చెల్లుతుంది. 1,600 మాటల కథకు చెల్లదు.

మార్పులు:

1. మొదట పది నిమిషాలు పాత పేజీలు చదవడం. పెన్ను మూతతోనే ఉండాలి, ఈ వేళలో దిద్దుబాటు లేదు.
2. రెండు పావుగంటలే రాత, అయిదు నిమిషాలు నడక, ఇంకో రెండు.
3. కోటా 120కి దించడం.
4. ప్రతి పావుగంటకూ ముందు ఒక కార్డు బల్ల మీద. మాటల కోటా అందినా కార్డు మీది వస్తువు చేతులు మారకపోతే ఆ పావుగంట లెక్కలోకి రాదు.

నాలుగో నియమం వచ్చాక వేగం పావుగంటకు 110, 125 మధ్య నిలబడింది. నాలుగో పావుగంట కూడా వందకు తగ్గలేదు.

ఫొనెటిక్ కీబోర్డుతో టైపు చేసినా వేగం దాదాపు అంతే. కానీ కీబోర్డు మీద వెనక్కి వెళ్ళి దిద్దడం ఎక్కువ. తొలి ప్రతికి నోటుబుక్కే మేలు. కొట్టేసిన మాట కింద కనబడుతూనే ఉంటుంది, అవసరమైతే తిరిగి వస్తుంది.

తర్వాత ఎర్ర పెన్నుతో పొట్టు తీసేత. కొట్టేసినవి నాలుగు రకాలు:

- ఆలోచనలో పడడం, ఉండిపోవడం, నిట్టూర్చడం
- మనిషి మాట చెప్పాక అదే మాటను రచయిత మళ్ళీ విప్పి చెప్పడం
- వాతావరణం
- ‘ఏదో’, ‘ఎందుకో’, ‘ఒక రకమైన’. వీటిలో రాసేవాడికే తెలియనిది దాక్కుంటుంది

ఇప్పటిదాకా: రాసినవి 2,480. తీసేసినవి 870. నిలిచినవి 1,610.

దశ 3: ఆపే చోటు (హెమింగ్వే)

చిన్న దశ. తర్వాత ఏం జరగబోతోందో తెలిసిన చోటే ఆరోజు పని ఆపాలని ఎర్నెస్ట్ హెమింగ్వే చెప్పేవాడు. రోజు మాటల లెక్క అట్టముక్క మీద వేసి గోడకు పెట్టుకునేవాడు. 1958లో అచ్చయిన ఇంటర్వ్యూలో ఆ అంకెలున్నాయి: 450, 575, 462, 1250, 512. అంత ఎగుడుదిగుడు. రోజూ ఒకే అంకె రావాలని బెంగపడేవాళ్ళు చూడాల్సిన అట్ట అది.

దీన్ని కొందరు ‘వాక్యం మధ్యలో ఆపెయ్యి’ అని బోధిస్తారు. తెలుగులో అది కుదరలేదు. మన క్రియ చివర ఉంటుంది. ‘సత్తిరాజు గోనె మూతి’ దగ్గర ఆపితే, మర్నాటికి ఆ మూతి విప్పాడో బిగించాడో వాక్యం చెప్పదు. మిగిలే సగంలోనే అసలు పనంతా ఉంది.

మార్పు: వాక్యం పూర్తిచేసి, ఎడమ పేజీలో తర్వాతి క్రియ ఒక్కటే రాసి మూసెయ్యడం. ‘విప్పుతాడు’. అంతే. మర్నాడు మొదటి వాక్యానికి పట్టే సమయం పది నిమిషాల నుంచి రెండుకు పడింది.

ఇప్పటిదాకా: కొత్తగా 540. మొత్తం 2,150.

దశ 4: చెప్పి రాయించడం (విశ్వనాథ, దొస్తొయెవ్‌స్కీ)

ఎందుకు అవసరమైందంటే, సంభాషణలు చచ్చుబడ్డాయి. చేత్తో రాసిన సత్తిరాజు ఇలా మాట్లాడుతున్నాడు:

‘మీరు తూకంలో తేడా చేస్తున్నారని నాకు అనుమానంగా ఉంది.’

ధాన్యం బండి తోలుకొచ్చిన మనిషి ఎవడూ ఇలా అనడు.

విశ్వనాథ సత్యనారాయణ 1934లో వేయిపడగలు చెప్తూ పోతే తమ్ముడు రాసిపెట్టారనీ, 29 రోజుల్లో ముగిసిందనీ అంటారు. దొస్తొయెవ్‌స్కీ 1866 అక్టోబరులో ప్రచురణకర్తతో గడువు మీదికొచ్చి, జూదగాడి నవలను స్టెనోగ్రాఫర్ అన్నాకు చెప్పి 26 రోజుల్లో రాయించాడు. ఆమె సంకేతలిపిలో తీసుకుని, ఇంటి దగ్గర సాఫు ప్రతి రాసి మర్నాడు తెచ్చేది. తర్వాత ఆయన్నే పెళ్ళాడింది, అది వేరే సంగతి.

మొదటి ప్రయత్నం: వాయిస్ టైపింగు. చెడిన తీరు:

- విరామ చిహ్నాలు రావు. ఎవరి మాట ఎక్కడ ముగిసిందో తెలియదు.
- యాస నిలవదు. ‘తూగిందండి’ అంటే ‘తూగింది అండి’ అని విడగొడుతుంది. ‘చిక్కిపోద్ది’ అంటే దగ్గరలో ఉన్న ఇంకో మాట పెడుతుంది.
- మాట తప్పు పడ్డం తెర మీద కనబడగానే నోరు జాగ్రత్తపడుతుంది. రెండు నిమిషాలకు సత్తిరాజు రేడియో వార్తలు చదవడం మొదలెడతాడు.

మూడోదే అసలు నష్టం. మొదటి రెండూ కూర్చుని దిద్దుకోవచ్చు.

రెండో ప్రయత్నం: వాయిస్ రికార్డరు, ఎదురుగా వినే మనిషి. విశ్వనాథకూ దొస్తొయెవ్‌స్కీకీ ఉన్నదీ, వాయిస్ టైపింగులో లేనిదీ ఈ మనిషే. అర్థం కాకపోతే మొహం చిట్లిస్తాడు, చెప్పేవాడు మాట మారుస్తాడు.

1. కార్డు చూడకుండా సీను చెప్పడం. అయిదు నిమిషాలకు మించొద్దు.
2. రికార్డింగు ఆ రోజు వినొద్దు.
3. మర్నాడు విని, సంభాషణలు మాత్రమే చేత్తో దించుకోవడం. కథనం వదిలెయ్యాలి. నోటితో చెప్పిన కథనంలో ‘అప్పుడేమైందంటే’లు ఎక్కువ.
4. దించేటప్పుడు వ్యాకరణం సరిచెయ్యొద్దు.

అదే మాట రెండోసారి ఇలా వచ్చింది:

‘ఇంటికాడ డెబ్బయ్యారు తూగిందండి బస్తా. మీ కాటా ఎక్కేసరికి చిక్కిపోద్దేంటండి?’

చేత్తో రాసినప్పుడు తోచని సంగతి ఇందులో ఒకటుంది. అక్కడ బస్తా అంటే 75 కిలోలు. కోత పెడతారని తెలిసి ఇంటి దగ్గరే కిలో ఎక్కువ పోసుకొచ్చాడు. ‘అనుమానంగా ఉంది’ అన్న మాట చెప్పాల్సిందంతా ఆ డెబ్బయ్యారు చెప్పింది.

చిన్ననాటి స్నేహితుణ్ణి ‘అండి’ అనడం కూడా రికార్డింగులోనే వచ్చింది. మిల్లులో, నలుగురిలో, కాటా దగ్గర అంటాడు. టీ బడ్డీ దగ్గర ‘ఒరే కామేశం’. ఆ మార్పు ఎక్కడ జరగాలో తెలిశాక రెండు సీన్లు వాటంతటవే విడిపోయాయి.

ఇక్కడే ఒక వాస్తవ దోషం కూడా బయటపడింది. తొలి ప్రతిలో ఒకచోట 75 కిలోల బస్తా, ఇంకోచోట 40 కిలోలది. తెలంగాణ వైపు లెక్క 40. రెండూ ఒకే మిల్లులో కలిస్తే ఊళ్ళో చదివినవాడు అక్కడితో కథ మూసేస్తాడు. అందుకని ఎడమ పేజీ చివర వాస్తవాల పట్టిక మొదలైంది: బస్తా బరువు, మీటరు అంకె, పంట కాలం, కాటా రకం, కూలి. ప్రతి కొత్త ప్రతికీ ముందు దాంతో సరిచూడడం.

ఇప్పటిదాకా: పోయిన సంభాషణ 380, వచ్చింది 460. మొత్తం 2,230.

దశ 5: గొంతు (ఫ్లాబేర్)

గుస్తావ్ ఫ్లాబేర్ రాసిన వాక్యాన్ని బిగ్గరగా, దాదాపు అరిచి చదివేవాడు. చెవికి అడ్డం పడితే మళ్ళీ రాసేవాడు. 1851లో మొదలైన మదామ్ బొవారీ నవల 1856 దాకా సాగడంలో ఈ అరుపుల వాటా ఉంది. ఇంట్లో అరవడం కుదరనివాళ్ళకు మామూలు గొంతు చాలు, పెదవులు కదిపి ఊరుకుంటే చాలదు.

మొదటి పేజీలో 26 వాక్యాలు. వాటిలో 21 ‘-ాడు’తోనో ‘-ింది’తోనో ముగిశాయి. లేచాడు, వచ్చాడు, చూశాడు, తూచాడు. కంటికి ఇది కనబడదు, చెవికి పేజీ అంతా ఒకే దరువు. తెలుగు కథకు ఇంతకు మించిన శత్రువు ఇంకోటి లేదు. చాలామంది దీన్ని శైలి అనుకుంటారు కూడా.

మందు ఒక్కటి కాదు. మోతాదులు:

1. క్రియ లేని వాక్యం. ‘కాటా మీద మూడో బస్తా.’ పేజీకి మూడు నాలుగు దాటొద్దు, దాటితే నాటకం సూచనల్లా ఉంటుంది.
2. రెండు పనులను ‘-ి’తో కలపడం. ‘మూతి విప్పి గుప్పెడు తీశాడు.’ వరసగా మూడు ‘-ి’లు వస్తే మళ్ళీ విడగొట్టడం.
3. రోజూ జరిగేదాన్ని ‘-తాడు’లోకి మార్చడం. కాటా పని రోజూ ఉండేదే, ఆ రోజు జరిగింది ఒక్కటే భూతకాలం. ఈ మార్పుతో దరువు విరగడమే కాక, ఆ రోజు విడిగా నిలబడింది.
4. మాటతో ముగించడం. ‘అన్నాడు’ తీసేసి సంభాషణనే చివర వదలడం. ఎవరన్నారో యాస చెప్తే ‘అన్నాడు’ అక్కర్లేదు.

దిద్దాక 26లో 11 మిగిలాయి. అంతకన్నా తగ్గిస్తే వాక్యాలు కావాలని మెలితిప్పినట్టు వినిపించాయి. అక్కడితో ఆపడం జరిగింది.

రెండో పరీక్ష ఊపిరి. నామవాచకానికి ముందు విశేషణాలు పేర్చుకుంటూ పోవడం మన భాషలో సులువు: ‘పొద్దున్నుంచి గుమ్మం దగ్గర నిలబడి బీడీ కాలుస్తున్న సత్తిరాజు నిన్న నూర్చి ఎండబెట్టి తెచ్చిన ధాన్యం’. ధాన్యం దగ్గరికొచ్చేసరికి సత్తిరాజు గుర్తుండడు. మధ్యలో రెండో ఊపిరి పీల్చాల్సొచ్చిన ప్రతి వాక్యానికీ మార్జినులో గీత. 19 గీతలు పడ్డాయి. 16 విరిచి, 3 ఉంచడం జరిగింది. ఆ మూడూ యజమాని తిట్లు. ఊపిరాడకుండా ఉండడమే వాటికి తగింది.

ఒక హెచ్చరిక. రాసినవాడే చదివితే నటిస్తాడు, గొంతుతో లోపాలు కప్పేస్తాడు. రెండో విడత చదువు ఇంకొకరితో, వాళ్ళకు ముందుగా ప్రతి ఇవ్వకుండా. వాళ్ళు తడబడిన చోట, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోట చుక్క పెట్టుకోవడమే పని. ఎందుకు తడబడ్డారని అడగొద్దు. అడిగితే మర్యాదకు తప్పు తమదే అంటారు. మనిషి దొరక్కపోతే ఫోనులో చదివి వినిపించే సదుపాయం కొంత పనికొస్తుంది. భావం లేని ఆ గొంతులో తిరిగి తిరిగి వచ్చే మాటలు బాగా పట్టుబడతాయి. ‘మెల్లగా’ తొమ్మిది చోట్ల దొరికింది.

ఇప్పటిదాకా: తగ్గినవి 345. మొత్తం 1,885.

దశ 6: తిరగరాత

గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. ఇవాళ మనం చదివేది 1909 నాటిది. ఆయన దాన్ని దాదాపు కొత్త నాటకం అనేంతగా తిరగరాశాడు. రేమండ్ కార్వర్ ఒక్కో కథకు పది పన్నెండు ప్రతులకు తక్కువ లేకుండా రాసేవాణ్ణని చెప్పాడు. ఒకరిది పెరిగే తిరగరాత, ఇంకొకరిది తరిగేది. ఈ కథ ఏ రకమో ముందు తేల్చుకోవాలి. ఇక్కడ 1,600 దాటొద్దు కాబట్టి రెండోది.

1. ప్రింటు తీసి పక్కన పెట్టుకుని, ఖాళీ ఫైలులో మొత్తం మళ్ళీ టైపు చెయ్యడం. కాపీ, పేస్టు లేదు.
2. టైపు చెయ్యడానికి బద్ధకించిన వాక్యాన్ని వదిలెయ్యడం. రెండు వాక్యాల తర్వాత కూడా లోటు తెలియకపోతే అది పోయినట్టే.
3. చివరి పేరా దాచి చదవడం. తర్వాత చివరి రెండు.

మూడో పని ఫలితం: చివరి పేరాలో కామేశ్వర్రావు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంటాడు. దాని ముందు పేరాలో, సత్తిరాజు వింటుండగా మీటరు ‘పదహారు’ అని పైకి చదివి, పుస్తకంలో 19 వేస్తాడు. రెండు పేరాలూ దాచితే కథ తెగిపోయింది. చివరిదొక్కటి దాచితే నిలబడింది. కన్నీళ్ళు పోయాయి.

అక్కడొక చిక్కు వచ్చింది. పైకి చదివిన అంకె, రాసిన అంకె వేరని సత్తిరాజుకు ఎలా తెలుస్తుంది? కాటా పుస్తకం తిరగేసి చూసే వీలు రైతుకు ఉండదు. దానికోసం 75 మాటలు కొత్తగా కలిశాయి: చీటీ. మిల్లు వాళ్ళు రైతుకిచ్చే తూకం చీటీలో తేమ గడి ఉంటుంది. రెండో సీనులో వేరే రైతు చీటీ జేబులో పెట్టుకోవడం చూపిస్తే చివర చీటీ మీద వివరణ అక్కర్లేదు.

ఇప్పటిదాకా: తీసేసినవి 330, కలిపినవి 75. మొత్తం 1,630.

మిగిలిన పని

టీ బడ్డీ సీను ఇంకా బరువుగానే ఉంది, 410 మాటలు. అందులో చేతులు మారే వస్తువు టీ గ్లాసు ఒక్కటే, అది ఏ కథలోనైనా ఉంటుంది. గ్లాసు బదులు గోనె కుట్టే దబ్బనం పెట్టి ఒక ప్రతి, సీనే తీసేసి ‘ఒరే కామేశం’ అన్న పిలుపును గుమ్మం దగ్గరికి జరిపి ఇంకో ప్రతి. ఫైళ్ళు తరుగు_08అ, తరుగు_08ఆ. రెంటినీ వేర్వేరు మనుషులతో ముందుగా చూపకుండా చదివించి, చుక్కలు తక్కువ పడ్డది ఉంచడం.